యోసిమార్ రేయెస్‌ని ఎవరైనా చదివారా? మన శాంటా క్లారా కౌంటీ కవి గురించి

కృష్ణవేణి_శానోజే
కాలిఫోర్నియాలోని ఈ కౌంటీలో తెలుగువాళ్లం ఇంతమందిమి ఉన్నాం, సాహిత్య సమావేశాలు పెట్టుకుంటాం, పుస్తకావిష్కరణలు చేసుకుంటాం. మన కౌంటీకే ఒక ఆస్థాన కవి ఉంటాడని మాత్రం మాలో ఎవరికీ తెలియదు. మొన్న ఒక సమావేశంలో యోసిమార్ రేయెస్ పేరెత్తాను. ఒకాయన ఫోన్లో వెతికి, "క్వియర్ అట, పత్రాల్లేని వలసదారు అట, ఇదంతా యాక్టివిజం, సాహిత్యం కాదు" అని తేల్చేశారు. ఒక్క కవితైనా చదవకుండానే! నాకు నిజంగా బాధేసింది.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. క్వియర్ అంటే గే, లెస్బియన్, ట్రాన్స్ వంటివాళ్లు. పత్రాల్లేని అంటే ఈ దేశంలో ఉండటానికి చట్టబద్ధమైన హోదా లేనివాళ్లు. ఇక రేయెస్ సంగతి. మెక్సికోలోని గెరెరో రాష్ట్రంలో పుట్టాడు. పసివాడిగా ఉండగానే ఈస్ట్ శానోజే వచ్చాడు. పెంచింది అవ్వ. ఖాళీ సీసాలు, డబ్బాలు ఏరి, రీసైక్లింగ్ సెంటర్‌లో ఇచ్చి ఆ డబ్బుతో ఇల్లు నెట్టుకొచ్చిన మనిషి ఆమె. శాన్ ఫ్రాన్సిస్కో స్టేట్ యూనివర్సిటీలో రచన చదువుకున్నాడు. 2009లో మొదటి కవితల పుస్తకం. క్వియర్, పత్రాల్లేని కవులతో కలిసి 'లా మారికొలెక్తీవా' అనే ప్రదర్శన బృందం పెట్టాడు. 2024లో శాంటా క్లారా కౌంటీ ఆస్థాన కవి అయ్యాడు.

చదివినవాళ్లు, విన్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ఇంకో ప్రశ్న కూడా. కమ్యూనిటీ సెంటర్‌లో నిలబడి చదవడం, పిల్లల చేత రాయించడం, తనలాంటి వాళ్లని కూడగట్టడం, ఇవన్నీ కవి పనిలో భాగమా కాదా?

సత్తెనపల్లి_శీను
19 లక్షల పైచిలుకు జనం ఉన్న కౌంటీకి ఆస్థాన కవా! ఆస్థానం ఎక్కడుంది మరి, కుపెర్టినోలోనా?

పాతపుస్తకాలు
@సత్తెనపల్లి_శీను, ఆస్థానం లేకపోయినా పదవి ఉంది. రెండేళ్లకొకర్ని ఎన్నుకుంటారు. మనకీ ఉండేది కదా. దాశరథి గారిని 1977లో ఆంధ్రప్రదేశ్ ఆస్థాన కవిగా వేశారు, 1983లో పదవే ఎత్తేశారు.

కృష్ణవేణి గారూ, నేను విన్నాను. ఇతని పని చాలావరకు వేదిక మీద బతుకుతుంది, అందుకే పుస్తకం పట్టుకుని కూర్చుంటే సగమే అందుతుంది. గొంతులో ఎంత వేగం ఉంటుందో అంత మెత్తదనమూ ఉంటుంది. ఇంగ్లిష్‌లో పోతూ పోతూ స్పానిష్‌లోకి జారిపోతాడు, ఆగి వివరించడు. 'ప్రియెతో' అని ఏకపాత్ర ప్రదర్శన ఉంది. ఈస్ట్ శానోజేలో అవ్వ దగ్గర పెరిగే చిన్న పిల్లవాడి కథ. తాను మిగతా మగపిల్లల్లా లేనని వాడికి మెల్లగా తెలుస్తూ ఉంటుంది, పక్కన అవ్వ డబ్బాలు ఏరుతూ ఉంటుంది. రెండు సంగతులకీ ఒకే బరువు ఇచ్చాడు. నాకు బాగా నచ్చింది అదే.

బర్కత్‌పురా_బాబాయ్
నేను ఎవరినీ తక్కువ చేయడం లేదు. కానీ క్వియర్, లాటినో, వలస, పత్రాల్లేని, ఇన్ని ముద్రలు వేశాక కవిత్వం ఎక్కడ మిగులుతుంది? మంచి కవిత అయితే ఎవరు రాశారన్నది అక్కర్లేదు. శ్రీశ్రీని చదివేటప్పుడు ఆయన ఏ కాలనీలో ఉండేవాడని అడిగామా?

గోదారిపిల్ల
@బర్కత్‌పురా_బాబాయ్, శ్రీశ్రీ గురించి మనం అడగనిది ఏమైనా మిగిలిందా బాబాయ్? ఆయన ఏ హోటల్లో టీ తాగాడో కూడా రాసుకున్నాం.

బర్కత్‌పురా_బాబాయ్
సరే, అది నిజమే. నా ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

నల్లమల
బాబాయ్ గారి ప్రశ్నకి నా జవాబు. ముద్ర వేసింది కవి కాదు, అప్లికేషన్ ఫారం. 2015కి ముందు అమెరికాలో మొదటి కవితా సంపుటికి ఇచ్చే బహుమతుల నిబంధనలు చూడండి. చాలావాటిలో పౌరులు గానీ గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు గానీ మాత్రమే పంపాలని ఉండేది. ఈ దేశంలో కొత్త కవి పుస్తకం ఎక్కువగా ఆ పోటీల దారిలోనే బయటికొస్తుంది. అంటే పత్రాల్లేని మనిషి ఎంత గొప్పగా రాసినా కవర్ విప్పేవాళ్లే లేరు. మంచి కవిత అయితే చాలని మనం అనుకుంటాం, వాళ్లు కవిత దాకా వస్తే కదా!

ఈ నిబంధన మీద మార్సెలో హెర్నాండెజ్ కాస్టియో, హావియెర్ సమోరా, క్రిస్టఫర్ సోటో కలిసి 'అన్‌డాక్యుపోయెట్స్' పేరుతో 2015లో ఉద్యమం నడిపారు. వందలమంది కవులు సంతకాలు పెట్టారు. చాలా సంస్థలు నిబంధనలు మార్చుకున్నాయి. తర్వాత పత్రాల్లేని కవులకి ఫెలోషిప్ కూడా పెట్టారు. అది అందుకున్నవాళ్లలో యోసిమార్ రేయెస్ ఒకడు. కృష్ణవేణి గారి ప్రశ్నకి కూడా ఇదే నా జవాబు. ఆ సంతకాల పని జరగకపోతే కొన్ని పుస్తకాలు మన చేతికి వచ్చేవే కావు.

హెచ్4_తమ్ముడు
@నల్లమల, ఆ నిబంధన మనకీ తగిలింది. మా అక్క ఇంగ్లిష్‌లో కవితలు రాస్తుంది. హెచ్1బి మీద ఉంది. ఒక పోటీకి అంతా సిద్ధం చేసుకున్నాక నిబంధనల్లో పౌరసత్వం సంగతి చూసి వదిలేసింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, చాలా రోజుల తర్వాత మాటల్లో బయటపడింది. ఈ ఉద్యమం గురించి అప్పట్లో తెలిసుంటే నేనూ సంతకం పెట్టేవాడిని.

చిలకలగూడ_చిన్నోడు
ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. మనం చట్టప్రకారం వచ్చాం, ఫీజులు కట్టాం, గ్రీన్ కార్డు క్యూలో ఏళ్లకేళ్లు నిలబడ్డాం. పత్రాలు లేకుండా వచ్చినవాళ్లని ఇంత నెత్తిన పెట్టుకుంటే మన కష్టానికి విలువేంటి?

హెచ్4_తమ్ముడు
@చిలకలగూడ_చిన్నోడు అన్నా, మీ కోపం నాకు అర్థమైంది, ఎందుకంటే ఆ క్యూలో మా నాన్నా ఉన్నారు. నా సంగతి వినండి. చిన్నప్పుడే వచ్చాను, బడి అంతా ఇక్కడే. 21 నిండగానే హెచ్4 (హెచ్1బి ఉన్నవాళ్ల కుటుంబానికిచ్చే వీసా) పోయింది, స్టూడెంట్ వీసాకి మారాను. డాకా, అంటే చిన్నప్పుడే వచ్చిన పత్రాల్లేనివాళ్లని పంపేయకుండా ఇక్కడ పనిచేసుకోనిచ్చే పథకం, నాకు వర్తించదు. 2012 జూన్ 15 నాటికి చట్టబద్ధమైన హోదా లేనివాళ్లకే అది. చట్టప్రకారం ఉన్నందుకే నాకు దొరకలేదు. దీనికి ఆ మెక్సికన్ పిల్లలేం చేశారు? రేయెస్‌ని తీసుకొచ్చినప్పుడు వాడు పసివాడు. నన్ను తీసుకొచ్చినప్పుడు నేనూ అంతే. టికెట్ మనం కొనుక్కోలేదు కదా.

చిలకలగూడ_చిన్నోడు
నీ విషయం వేరు తమ్ముడూ. నీ మీద నాకు కోపం ఎందుకుంటుంది?

నల్లమల
వేరని ఎందుకు అనిపిస్తోందో ఒకసారి ఆలోచించండి. తమ్ముడు మనవాడు కాబట్టి, అంతేగా?

రాయలసీమ_రమ
నాకు పాతపుస్తకాలు గారు చెప్పిన అవ్వ దగ్గరే మనసు ఆగిపోయింది. కాలిఫోర్నియాలో చిన్న సీసాకి 5 సెంట్లు, 24 ఔన్సులు, ఆపైన అయితే 10 సెంట్లు. వంద డబ్బాలు ఏరితే 5 డాలర్లు. మా అపార్ట్‌మెంట్ చెత్త డబ్బాల దగ్గర పొద్దున్నే ఒక పెద్దావిడ వస్తుంది, చేతికి గ్లవ్స్, తోపుడు బండి. మా అమ్మ ఇండియా నుంచి వచ్చినప్పుడు ఆవిడని రోజూ పలకరించేది. ఒకరికి తెలుగు, ఒకరికి స్పానిష్, ఇద్దరికీ ఇంగ్లిష్ రాదు. అయినా మాట్లాడుకునేవాళ్లు. మా అమ్మ ఖాళీ డబ్బాలు విడిగా సంచిలో కట్టి పెట్టేది.

ఆ పెద్దావిడ మనవడు కవి అయ్యుండొచ్చని నాకు ఎన్నడూ తట్టలేదు. ఇతను అవ్వ గురించి జాలిగా రాస్తాడా?

పాతపుస్తకాలు
@రాయలసీమ_రమ, జాలి అసలు ఉండదు. ఈ మనిషి చేసిన పెద్ద పని అదేనని నా అభిప్రాయం, కాస్త వివరంగా చెప్పనివ్వండి.

పత్రాల్లేని వలసదారుల గురించి అమెరికా మీడియాలో రెండే బొమ్మలు కనిపించేవి. ఒకటి నేరస్థుడు. రెండోది ఏడుస్తూ, కంచె పట్టుకుని, దయ చూపమని అడిగే మనిషి. వాళ్ల వైపు నిలబడి మాట్లాడేవాళ్లు కూడా రెండో బొమ్మనే వాడుకునేవారు. దానితో విరాళాలు వస్తాయి, ఓట్లు కదులుతాయి. పాత్రికేయుడు హోసే ఆంతోనియో వర్గాస్ 2011లో పెట్టిన 'డిఫైన్ అమెరికన్' సంస్థలో రేయెస్ కళాకారుడిగా పనిచేస్తూ 2017లో 'అన్‌డాక్యుజాయ్' మొదలుపెట్టాడు. పత్రాల్లేనివాళ్లు నవ్వుతున్నవి, వండుకుంటున్నవి, నాట్యం చేస్తున్నవి, ఆ సంతోషాన్ని కవిత్వంలో, వీడియోల్లో చూపించడం.

ఏడ్చి చూపిస్తేనే మనిషిగా లెక్కేస్తామంటే ఎలా? అవ్వ డబ్బాలు ఏరింది, నిజం. ఏరుతూ పాటలు పాడింది, పక్కింటివాళ్ల మీద కబుర్లు చెప్పింది, మనవడి నడక చూసి ఏమీ అనకుండా అన్నం పెట్టింది అనుకోండి, అదీ జీవితమే కదా. (ఇవి నా ఊహలు, అతని కవితలోని మాటలు కావు.) అలాంటి ఇంటిని పూర్తిగా చూపించాలనే పట్టుదల అతనిలో కనిపిస్తుంది.

మధురవాణి77
నేను పూర్తిగా ఒప్పుకోను. సంతోషం, సంతోషం అంటూ ఉంటే రాజకీయం పలచబడుతుంది. కాస్టియో రాసిన 'చిల్డ్రన్ ఆఫ్ ద ల్యాండ్' చదవండి, 2020లో వచ్చింది. అతనిది సకటేకాస్ రాష్ట్రం. ఐదేళ్ల వయసులో సరిహద్దు దాటేటప్పుడు భయానికి కొంతసేపు కళ్లు కనిపించకుండా పోయాయి! 2003లో తండ్రిని దేశం నుంచి పంపేశారు. పదేళ్ల తర్వాత డాకా వచ్చాక ప్రత్యేక అనుమతి తీసుకుని వెళ్లి తండ్రిని చూశాడు. ఆ పుస్తకం ముక్కలు ముక్కలుగా ఉంటుంది, వరస తప్పుతుంది, వెనక్కి పోతుంది. భయంలో పెరిగినవాడికి జ్ఞాపకం అలాగే ఉంటుంది కాబట్టి ఆ రూపం సరిగ్గా కుదిరింది. దాన్ని చదివాక "నవ్వుదాం రండి" అంటే నాకు మింగుడుపడదు.

గోదారిపిల్ల
@మధురవాణి77, ఇద్దరూ ఒకే ఇంట్లో రెండు గదుల గురించి రాస్తున్నారేమో.

మధురవాణి77
కావచ్చు. కానీ ఏ గదికి కిటికీ తెరిచి లోకానికి చూపిస్తున్నాం అన్నదే నా తగువు. కాస్టియో మొదటి కవితల పుస్తకం 'సెన్సోంట్లె'లో పెళ్లి కూడా ఉంది, దాని లోపల క్వియర్ దేహం పడే ఆరాటమూ ఉంది. అక్కడ ఓదార్పు తేలిగ్గా దొరకదు. నాకు అది కావాలి.

పేరు_వద్దు
చాలా రోజులుగా ఈ వేదిక చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. నేను గుంటూరు జిల్లా అబ్బాయిని, ఇప్పుడు డల్లాస్ దగ్గర ఉంటున్నాను. గే. ఇంట్లో తెలియదు. ఇక్కడి తెలుగు స్నేహితుల్లో ఇద్దరికి తెలుసు.

మధురవాణి గారు చెప్పిన బాధ నాకు తెలుసు, దానిలోనే ఉంటాను కాబట్టి. నాకు దొరకనిది రెండోది. తెలుగులో నాలాంటివాడు కథలో కనిపిస్తే చివరికి చచ్చిపోతాడు, లేకపోతే కామెడీ పాత్ర. ఒక క్వియర్ కుర్రాడు అవ్వ వంటింట్లో కూర్చుని హాయిగా తింటున్న దృశ్యం నేనెక్కడా చదవలేదు. రేయెస్ వీడియో ఒకటి చూసి ఆ రాత్రి నిద్రపోలేదు. అందులో అంత విషాదమేం లేదు. మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆవిడకి తెలిసి ఉండేదని నా నమ్మకం. పెళ్లి మాట ఎవరైనా ఎత్తితే "వాణ్ని తిననివ్వండి" అనేది.

బాబాయ్ గారూ, ముద్ర సంగతి. నాకు ఆ ముద్ర కనిపించకపోతే ఇతన్ని వెతుక్కునేవాణ్నే కాదు.

రాయలసీమ_రమ
తమ్ముడూ, రాసినందుకు చాలా సంతోషం. ఇక్కడే ఉండు, ఎక్కడికీ పోకు.

హెచ్4_తమ్ముడు
అన్నా ❤

బర్కత్‌పురా_బాబాయ్
పేరు_వద్దు బాబూ, నీ మాట విన్నాను. ముద్ర చూసి పాఠకుడు తన మనిషిని వెతుక్కుంటాడన్న సంగతి బలమైనదే. అయినా విమర్శ చేసేటప్పుడు ముద్ర అడ్డొస్తుందనే భయం నాకుంది. "ఇతను ఇన్ని కష్టాలు పడ్డాడు, కాబట్టి కవిత బాగుందనాలి" అనే మొహమాటం మన సభల్లో ఎంత చూశాను! అది కవికే అవమానం.

పాతపుస్తకాలు
@బర్కత్‌పురా_బాబాయ్, దీనితో మాత్రం నూటికి నూరు శాతం ఏకీభవిస్తాను. రేయెస్ పోట్లాడేది కూడా ఆ మొహమాటం మీదే అని నాకనిపిస్తుంది. బాగోని చోట బాగోలేదనే చెప్పాలి. అతని తొలి కవితల్లో కొన్ని చోట్ల నినాదం ఎక్కువ, పేజీ మీద నిలబడవు. మనిషి గొంతుతో వింటే నిలబడతాయి.

నల్లమల
వేదిక మాట వచ్చింది కాబట్టి చెబుతాను. కాలిఫోర్నియాలో లాటినోలకి ఇది పాత సంప్రదాయం. 1965లో డెలానో ద్రాక్ష తోటల సమ్మెలో లూయిస్ వాల్డెజ్ 'ఎల్ తెయాత్రో కాంపెసీనో' మొదలుపెట్టాడు. కూలీలే నటులు, ట్రక్కు వెనకభాగమే స్టేజీ. ఆ సమ్మె నడిపిన సీజర్ చావెజ్ అంతకుముందు 1950ల్లో జనాన్ని కూడగట్టడం నేర్చుకున్నది ఈస్ట్ శానోజేలోనే, 'సాల్ సి పుయేదెస్' అనే పేటలో. మన ప్రజానాట్యమండలిని ఎరిగినవాళ్లకి ఇదేమీ కొత్తగా ఉండదు. ఆ నేల మీద పెరిగిన కుర్రాడు కవిత రాసి బీరువాలో పెట్టుకోమంటే పెట్టుకుంటాడా?

ఒకటి మాత్రం మారింది. ఆ పాత ఉద్యమ వేదికల మీద క్వియర్ మనుషులకి చోటు తక్కువ. 'లా మారికొలెక్తీవా' లాంటివి పుట్టింది అందుకే. బయట పత్రాల భయం, సొంత సమాజంలో మగతనం గోల, రెండిటి మధ్యా నిలబడటానికి వాళ్లకి తమ గుంపు కావాల్సి వచ్చింది. ఎవరో కట్టిన హాలు కోసం ఎదురుచూడలేదు.

సత్తెనపల్లి_శీను
మా ఆవిడ ఈస్ట్ శానోజేలో కింగ్ రోడ్ దగ్గర బడిలో టీచర్. ఈ పేరు చెబితే "తెలుసు" అంది! పిల్లలకి అతని కవిత ఒకటి ఇచ్చి, మీ ఇంట్లో పెద్దవాళ్ల పని గురించి రాయమందట. ఒక పిల్ల వాళ్లమ్మ రాత్రి ఆఫీసులు ఊడ్చే పని గురించి రాసింది. ఆ ఆఫీసులు పగలు మనం కూర్చునేవే కదా. మా ఆవిడ ఇంటికొచ్చి చాలాసేపు దాని గురించే మాట్లాడింది.

కృష్ణవేణి_శానోజే
@సత్తెనపల్లి_శీను, నా రెండో ప్రశ్నకి ఇంతకంటే ఏం కావాలి? ఆ పిల్ల రాసింది సాహిత్యమా కాదా అని సభ పెట్టి తేల్చనక్కర్లేదు. ఆమె చేత కలం పట్టించిన కవి, తన పుస్తకం ఎంత బాగా రాశాడో ఇదీ అంత బాగా చేశాడు.

మధురవాణి గారితో నాకు చిన్న పేచీ ఉంది. సంతోషం చూపిస్తే రాజకీయం పలచబడదండి. ఈస్ట్ శానోజేలో మెక్సికన్ హెరిటేజ్ ప్లాజాలో ఒక పండగకి వెళ్లాను. అక్కడున్నవాళ్లలో ఎంతమందికి పత్రాలున్నాయో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. రేపు ఏమవుతుందోనన్న టెన్షన్ మధ్య కూడా పిల్లలకి గౌన్లు కుట్టించి తీసుకొచ్చారు. ఆ గౌన్లు కుట్టించడానికి ఎంత ధైర్యం కావాలి!

మధురవాణి77
గౌన్ల మాట ఒప్పుకుంటాను. అదే గౌన్లని ఒక సంస్థ పోస్టర్ మీద వేసినప్పుడు నాకు అనుమానం మొదలవుతుంది. ఇక్కడ మనిద్దరికీ కుదరదు, వదిలేద్దాం :)

చిలకలగూడ_చిన్నోడు
నల్లమల గారి ప్రశ్న రాత్రంతా తిరిగింది బుర్రలో. చట్టం విషయంలో నా అభిప్రాయం అదే. కవితల పోటీకి పౌరసత్వం ఎందుకు అడగాలన్నది మాత్రం నాకూ అర్థం కావట్లేదు. ఇప్పుడు పెద్ద బహుమతులు కూడా మార్చాయా?

నల్లమల
మార్చాయి. పులిట్జర్ పుస్తక బహుమతులకి అమెరికా పౌరసత్వం ఉండాలనేవాళ్లు, చరిత్ర విభాగం తప్ప. 2023లో హావియెర్ సమోరా దీని మీద పత్రికలో గట్టిగా రాశాడు. తొమ్మిదేళ్లప్పుడు ఎల్ సాల్వడార్ నుంచి తల్లిదండ్రులు పక్కన లేకుండా వచ్చినవాడు. ఆ ఏడాదే బోర్డు నిబంధన మార్చింది. పర్మనెంట్ రెసిడెంట్లు, చాలాకాలంగా ఈ దేశమే ఇల్లుగా బతుకుతున్నవాళ్లు 2025 బహుమతుల నుంచి అర్హులు. @హెచ్4_తమ్ముడు, మీ అక్కకి చెప్పు. ఒక్కో పోటీ నిబంధన ఒక్కోలా ఉంటుంది, జాగ్రత్తగా చదువుకుని పంపమను.

హెచ్4_తమ్ముడు
ఇప్పుడే ఫోన్ చేశాను. "ముందు లింక్ పంపరా" అంది.

పేరు_వద్దు
తెలుగులో ఇలాంటిది ఏదైనా చదవాలంటే ఏముంది? అనువాదమైనా పర్లేదు.

పాతపుస్తకాలు
@పేరు_వద్దు, ఎ. రేవతి గారి ఆత్మకథ పి. సత్యవతి గారి అనువాదంలో ఉంది, 'ఒక హిజ్రా ఆత్మకథ'. ఆ అనువాదానికి సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. కష్టం చాలా ఉంటుంది, కాస్త సిద్ధపడి చదువు. వంటింట్లో హాయిగా తినే కుర్రాడి కథ మాత్రం ఇంకా ఎవరూ రాసినట్టు నాకు కనిపించలేదు. నువ్వే రాయాలి. పేరు పెట్టక్కర్లేదు.

ఇంగ్లిష్‌లో అయితే 'హియర్ టు స్టే' తీసుకో. పత్రాల్లేని, ఒకప్పుడు పత్రాల్లేని రచయితల కవితలు, వచనం కలిపి 2024లో వచ్చిన సంకలనం, కాస్టియో సంపాదకుల్లో ఒకడు. సోటో కూర్చిన 'నెపాంట్ల' కూడా ఉంది, 2018ది, అందులో అందరూ శ్వేతజాతేతర క్వియర్ కవులే. లైబ్రరీలో అడిగితే వేరే ఊరి నుంచైనా తెప్పిస్తారు.

బర్కత్‌పురా_బాబాయ్
కృష్ణవేణీ, ఆ రేయెస్ కవిత పూర్తి పాఠం ఉంటే నాకు మెయిల్ చేయమ్మా. స్పానిష్ ముక్కల అర్థం మాత్రం రాయకు, ముందు నేనే ఒకసారి గట్టిగా చదువుకుంటాను. నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో ఇక్కడే రాస్తాను.

కృష్ణవేణి_శానోజే
పంపాను బాబాయ్. వీడియో కూడా జత చేశాను, రెండూ చూశాకే రాయండి.